కణంలోని మగ్గం: కేన్సర్ మందుకు కొత్త గురి

హిందూపురం: కేన్సర్ అనగానే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వారికి ముందుగా గుర్తుకు వచ్చేది బెంగుళూరు ప్రయాణం. అక్కడి కిద్వాయి ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని వచ్చినవారు మన పల్లెల్లోనూ ఉన్నారు. ఆ మందు ఒంట్లో ఏం చేస్తుంది? జుట్టు ఎందుకు రాలుతుంది? ఒకరికి పనిచేసిన మందు మరొకరికి ఎందుకు పనిచేయదు? ఈ ప్రశ్నల జవాబులో కొంత భాగం రిబోసోము అనే అతి సూక్ష్మమైన వస్తువులో ఉంది.

ధర్మవరం మగ్గం వంటిదే

మన శరీరంలోని ప్రతి కణానికీ మాంసకృత్తులు కావాలి. వాటిని తయారుచేసేది రిబోసోము. ధర్మవరం నేతన్నకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. జకార్డు అట్టల్లోని రంధ్రాలను బట్టి మగ్గం మీద బుటా పడినట్టే, కణ కేంద్రకం నుండి వచ్చిన నకలును బట్టి రిబోసోము మాంసకృత్తును అల్లుతుంది. మగ్గానికి నాడె, పన్నె ఉన్నట్టే మనిషి రిబోసోముకు సుమారు 80 మాంసకృత్తుల భాగాలున్నాయి. ఈ రిబోసోము నిర్మాణాన్ని కనుగొన్నందుకు తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్‌కు మరి ఇద్దరితో కలిపి 2009లో నోబెల్ బహుమతి లభించింది.

కేన్సర్ కణం ఆగకుండా పెరుగుతుంది గనుక దానికి మగ్గాలు ఎక్కువ కావాలి. రిబోసోములు తయారయ్యే చోటు కేన్సర్ కణాల్లో ఉబ్బి ఉంటుందని ఇటలీ వైద్యుడు పియనీసి 1896లోనే గమనించాడు.

కాపలాదారును లేపే విడిభాగాలు

కణంలో పి-53 అనే కాపలాదారు ఉంది. మామూలుగా ఎండిఎమ్-2 అనే మాంసకృత్తు దానిని అణచి ఉంచుతుంది. మందు వల్ల రిబోసోము బిగింపు మధ్యలో ఆగితే కొన్ని విడిభాగాలు మిగిలిపోతాయి. వాటిలో ఎల్-5, ఎల్-11 అనేవి వెళ్లి ఎండిఎమ్-2ను పట్టుకుంటాయి. అప్పుడు కాపలాదారు లేచి కణం పెరుగుదలను ఆపుతుంది, లేదా కణాన్నే చంపుతుంది. అయితే సుమారు సగం కేన్సర్లలో ఈ కాపలాదారే చెడిపోయి ఉంటుంది. ఒకే మందు అందరికీ పనిచేయకపోవడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి.

ఈ చరిత్రలో తెలుగువాడి పాత్ర ఉండటం గర్వకారణం. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన మందుతో రక్త కేన్సర్ పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో డాక్టర్ ఫార్బర్ వెల్లడించాడు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అది రిబోసోముల తయారీని కూడా దెబ్బతీస్తుందని తర్వాత తేలింది.

ఆముదం గింజతో జాగ్రత్త

చేల గట్ల మీద పెరిగే ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంది. దాని ఒక్క అణువు నిమిషానికి వెయ్యికి పైగా రిబోసోములను పాడుచేయగలదు. దీనిని కేన్సర్ కణానికి మాత్రమే చేర్చాలని శాస్త్రజ్ఞులు ప్రయత్నించారు గానీ, మంచి కణాలకూ హాని కలుగుతుండటంతో అది మందుగా రాలేదు. చైనా దేశపు ఒక చెట్టు నుండి తీసిన ఒమాసెటాక్సిన్ మాత్రం రిబోసోమును అడ్డుకునే మందే. ఒక రకం రక్త కేన్సర్‌కు దానిని అమెరికా 2012లో అనుమతించింది. నాటు వైద్యం పేరిట ఆముదం గింజలు తినడం మాత్రం ప్రాణాంతకం.

మంచి కణాలకూ మగ్గాలు ఉన్నాయి. జుట్టు కుదుళ్లు, నోటి పొర వేగంగా పెరుగుతాయి గనుక మందు దెబ్బ వాటికీ తగులుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. దానికి భయపడి చికిత్స మధ్యలో మానరాదు. బాధను వైద్యునికి చెప్పాలి.

ఆనవాళ్ల వేట

రిబోసోము భాగాలు కేన్సర్‌కు ఆనవాళ్లు కాగలవా అన్నది నేటి పరిశోధన. ఒక రకం రక్త కేన్సర్ వచ్చిన కొందరు పిల్లల్లో ఎల్-10 అనే భాగం మారి ఉందని గుర్తించారు. ఏ భాగం చెడిందో తెలిస్తే తగిన మందు ఎంచుకోవచ్చునని ఆశ. కానీ ఈ మాంసకృత్తులను చూసి కేన్సర్‌ను ముందుగా పసిగట్టే రక్తపరీక్ష ఇంకా సాధారణ వాడుకలోకి రాలేదు. అటువంటి పరీక్ష ఉందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మరాదు.

అంతవరకు మన కంటికి కనిపించే ఆనవాళ్లే మనకు దిక్కు. పొగాకు నమిలేవారి నోట్లో మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం కనిపిస్తే పంట ఇంటికి వచ్చాక చూద్దామని ఆగరాదు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్స ఎక్కడ దొరుకుతుందో అడగాలి. బెంగుళూరు రైలు ఎంత ముందుగా ఎక్కితే అంత మేలు.