పెద్ద వయసులో గుర్రం ఎంపిక

అరవై దాటినవారికి గుర్రపు స్వారీ ఏమిటని పాఠకులు నవ్వవచ్చు. కాని 2001లో గనులు మూతపడిన తరువాత బెంగుళూరులో పిల్లల వద్దకు చేరిన మన పెద్దల్లో స్వారీబడుల చుట్టూ తిరిగేవారు ఇద్దరు ముగ్గురు మాకే తెలుసు. హైదరాలీ పుట్టిన బూదికోట మనకు దగ్గరే గదా, ఆ గాలి సోకింది కాబోలు! అట్టివారు సొంతానికి గుర్రం కొనాలనుకొంటే మేము చెప్పేదొకటే: కంటికి నచ్చే గుర్రం వేరు, నడుముకు నచ్చే గుర్రం వేరు.

పందేలు మానిన గుర్రాలు అమ్మకానికి వస్తుంటాయి. ఎత్తు 64 అంగుళాల దాకా ఉండి, చూడ ముచ్చటగా ఉంటాయి. కాని చిన్ననాటి నుండి పరుగే నేర్చినవి. కాగితం ముక్క ఎగిరినా ఉలిక్కిపడవచ్చు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం దిగేదెప్పుడు? మూపు దగ్గర 56 అంగుళాలుంటే మధ్యరకం మనిషికి చాలు.

ఇక నడక. అమరకోశం గుర్రపు నడకలు అయిదని చెప్పింది. అన్నీ మనకెందుకు? ట్రాట్ అనే నడకలో ముందుకాలూ దాని కెదురు వెనుకకాలూ జతగా పడి, అడుగడుగునా మన వెన్ను అదురుతుంది. మార్వాడీ, కాఠియవాడీ గుర్రాల్లో కొన్నిటికి రేవాల్ అనే కుదుపు తక్కువ నడక ఉంటుంది. అమ్మేవాడి మాట నమ్మక, ముందు వేరొకరిని ఎక్కించి చూసి, ఆ పైన మనం ఎక్కాలి.

చూడబోయేటప్పుడు చెప్పకుండా పోవాలి. తెల్లవారే తిప్పి అలసగొట్టిన గుర్రం సాధువులాగే నిలబడుతుంది. నొప్పి మందుతో కుంటు కూడా దాగుతుంది. కళ్ళెం పెట్టేది, జీను బిగించేది, కాళ్ళెత్తేది అన్నీ మన ఎదుటనే జరగాలి. ఎక్కేదాకా కదలకుండా నిలుస్తుందా? మోకాళ్ళ నొప్పులవారికి ఇదే ముఖ్యం. అరుగు మీది నుండి ఎక్కడానికి సిగ్గెందుకు, గుర్రం వీపుకూ అదే మంచిది.

సుడులు చూసే ఆచారం మనవారికుంది. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ గ్రంథమే వ్రాశాడు. చూస్తే చూడండి. కాని ఒకప్పటి జట్కావాళ్ళు డెక్కలు చూసేవారు, మేము వారి పక్షం. వయసు పదేళ్ళు దాటినదైతే మేలు; పశువైద్యుడు పళ్ళు చూసి ఉజ్జాయింపుగా చెబుతాడు.

మరొకటి, మన బరువు. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదోవంతు మించరాదంటారు. 350 కిలోల గుర్రానికి 70 కిలోలు. జీను 10 పోగా మనకు మిగిలేది 60. సంక్రాంతి అరిసెల తరువాత బేరానికి పోయేవారు ముందు తూకపు యంత్రం ఎక్కి పోవడం మంచిది.