పరుగు తీరును చదివే శాస్త్రం

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వీధులకంటె అంకెలే ప్రసిద్ధం. ఆరో నంబరు, పదో నంబరు, పదమూడో నంబరు అంటేనే అక్కడివారికి చిరునామా బోధపడుతుంది. పగలంతా వర్క్‌షాపుల చప్పుడు, గోదాముల ముందు బారులు తీరిన లారీలు. పొద్దు గూకిన తరువాత అవే దారుల అంచున, క్యాంపుల వెనుకనున్న ఇసుక నేలల్లో కొందరు పరుగెత్తుతూ కనిపిస్తారు. ఉదయం నుంచి ఉక్కు తొడుగు గల సేఫ్టీ బూట్లలో నిలబడి అలసిన కాళ్ళకు ఈ పరుగు ఒక వినోదం, ఒక ఆరోగ్యసాధన.

అయితే ఈ కాళ్ళే వారి జీవనాధారం కూడా. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ముగిసిన ఉద్యోగికి ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవు లభిస్తుంది. అందులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తరువాతి 30 రోజులకు సగం జీతం, మిగిలిన రోజులకు ఏమీ లేదు. పనిలో తగిలిన గాయానికి వర్తించే నిబంధనలు సాయంకాలపు పరుగులో తగిలిన గాయానికి వర్తించవు. కాలి ఎముకలో సన్నని చీలిక ఏర్పడితే మానడానికి వారాలు పడుతుంది. కనుక పరుగు తీరును నిపుణులచే పరీక్షింపజేసుకోవడమనే విషయాన్ని ఆటగాళ్ళ విలాసంగా తోసిపుచ్చడానికి వీలులేదు. ఆ పరీక్షలో ఏది సారవంతం, ఏది కేవలం ఆర్భాటం అన్నది తెలుసుకోవలసి ఉంది.

నడకకూ పరుగుకూ భేదం వేగంలో మాత్రమే లేదు. నడకలో ఏ క్షణంలో చూసినా కనీసం ఒక పాదం నేలను తాకి ఉంటుంది. పరుగులో ప్రతి అంగకూ రెండు పాదాలూ గాలిలో ఉండే ఒక స్వల్ప వ్యవధి వస్తుంది. కంటికి అందని ఇటువంటి క్షణాన్ని ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు 1878లో కాలిఫోర్నియాలో 12 కెమెరాలను వరుసగా నిలిపి, దౌడు తీసే గుర్రం విషయంలో నిరూపించాడు. ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మరే మరొక మార్గం పట్టాడు. బూటు అడుగున గాలి నింపిన రబ్బరు గదిని అమర్చి, దానిని ఒక గొట్టం ద్వారా పరుగెత్తేవాని చేతిలోని నమోదు యంత్రానికి కలిపాడు. పాదం నేలను నొక్కినప్పుడల్లా యంత్రంలోని సూది గీత గీసేది. నేటి ప్రయోగశాలలలోని వేగవంతమైన కెమెరాకు మైబ్రిడ్జ్, నేలలో పొదిగిన ఫోర్స్ ప్లేటుకు మరే పూర్వీకులని చెప్పవచ్చు.

గాలిలోకి లేచిన శరీరం తిరిగి నేలను చేరవలసిందే. అప్పుడు నేల పాదాన్ని ఎదురు తోస్తుంది. మామూలు పరుగులో ఈ ఎదురు తోపు శరీరపు బరువుకు సుమారు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. 65 కిలోల మనిషి కాలిపై, దాదాపు పావు సెకను పాటు సాగే ఒక్కొక్క స్పర్శలో, 160 కిలోలకు సమానమైన భారం పడవచ్చు. అతడు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 160 అడుగులు వేస్తూ 5 కిలోమీటర్లు పరుగెత్తాడనుకుందాం. 37 నిమిషాల 30 సెకన్లలో 6,000 అడుగులు పడతాయి; ఒక్కొక్క కాలికి 3,000. ఏ ఒక్క అడుగూ ఎముకను విరిచేటంతటిది కాదు. కాని ప్రతి భారమూ ఎముకలోనూ, స్నాయుబంధనంలోనూ అతిసూక్ష్మమైన అరుగుదల కలిగిస్తుంది. విశ్రాంతి కాలంలో శరీరం దానిని మరమ్మతు చేసుకుంటుంది. అరుగుదల మరమ్మతును మించిపోయినప్పుడే గాయం.

నిపుణుడు చేసే పరీక్ష ఈ లెక్కను దృష్టిలో ఉంచుకొనే సాగుతుంది. ముందుగా పాత గాయాలను, వారానికి ఎంత దూరం పరుగెత్తేదీ, ఉద్యోగంలో ఎన్ని గంటలు నిలబడేదీ అడుగుతాడు. చీలమండ వంగుబాటును, తుంటి, పిక్క కండరాల బలాన్ని చూస్తాడు. తరువాత ట్రెడ్‌మిల్‌పై కొన్ని నిమిషాలు పరుగెత్తించి, నడక కుదుటపడిన పిమ్మట పక్కనుంచీ వెనుకనుంచీ చిత్రీకరిస్తాడు. వెనుకనుంచి చూసినప్పుడు ఒంటికాలిపై భారం పడగానే కటిభాగం రెండోవైపు జారుతున్నదా, మోకాలు లోపలికి వాలుతున్నదా అన్నది తెలుస్తుంది. పక్కనుంచి చూసినప్పుడు శరీరం ఎంత ఎత్తుకు ఎగురుతున్నదీ, అన్నిటికంటె ముఖ్యంగా, పాదం ఎక్కడ పడుతున్నదీ తెలుస్తుంది.

ఈ చివరి అంశమే గమనార్హం. వేగంగా వెళ్ళాలన్న తపనతో చాలామంది అంగను ముందుకు చాపుతారు. పాదం మోకాలికంటె చాలా ముందు, కాలు దాదాపు నిటారుగా ఉండగా నేలను తాకుతుంది. అంటే ప్రతి అడుగులోనూ పరుగెత్తేవాడు తనకు తానే బ్రేకు వేసుకుంటున్నాడన్నమాట. ఆ భారాన్ని మోకాలు, తుంటి మోయవలసి వస్తుంది. దీనికి ఉపాయం సులభమైనది: వేగం మార్చకుండా అడుగుల సంఖ్య కొద్దిగా పెంచడం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ హైడర్‌షైట్ బృందం 45 మంది పరుగరులను పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అడుగుల సంఖ్యను నూటికి 5 నుంచి 10 వరకు పెంచితే మోకాలిపై, తుంటిపై పడే భారం గణనీయంగా తగ్గింది. పై ఉదాహరణలోని వ్యక్తి నిమిషానికి 160కి బదులు 168 అడుగులు వేస్తే అతని అంగ 83 సెంటీమీటర్ల నుంచి 79కి తగ్గుతుంది. నాలుగు సెంటీమీటర్లు! చూసేవారికి భేదమే కనిపించదు.

అందరూ నిమిషానికి 180 అడుగులు వేయాలన్న మాట కూడా ప్రచారంలో ఉంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే శిక్షకుడు మేటి క్రీడాకారుల అడుగులు లెక్కించడంతో అది మొదలైంది. వారు పందెపు వేగంతో పరుగెత్తుతున్నవారు. నింపాదిగా పరుగెత్తే సామాన్యునికి ఆ అంకె శాసనం కాదు.

ఇక బూట్ల దుకాణాలలో జరిగే పరీక్ష సంగతి. ట్రెడ్‌మిల్‌పై రెండు నిమిషాలు పరుగెత్తించి, పాదం లోపలికి ఒరుగుతున్నదని తేల్చి, దానిని సరిచేసే ఖరీదైన జతను చూపడం పరిపాటి. తీర్పు చెప్పేవారి చేతిలోనే సరుకూ ఉండడం ఇక్కడి విశేషం. నిజానికి పాదం కొంత లోపలికి ఒరగడం దోషం కాదు, తాకిడిని మెత్తబరిచే సహజ ప్రక్రియ. డెన్మార్క్‌లో 927 మంది కొత్త పరుగరులకు ఒకే రకం సాధారణ బూట్లిచ్చి ఏడాదిపాటు గమనించగా, పాదం ఓ మోస్తరుగా లోపలికి ఒరిగేవారికి గాయాలు ఎక్కువగా కలగలేదు. అమెరికా సైన్యంలోనూ అరికాలి ఆకృతిని బట్టి బూట్లు పంచి చూశారు. గాయాలలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. కాలికి హాయిగా అమరినదే మంచి బూటని భావించడం ఉత్తమం. మడమకు బదులు వేళ్ళవైపు దిగడం నేర్చుకోవాలన్న సలహా కూడా ఇటువంటిదే. అది మోకాలి భారాన్ని కొంత తగ్గించినా, ఆ మేరకు పిక్కపై, మడమ వెనుక స్నాయుబంధనంపై పెంచుతుంది. నొప్పి లేనివారు దాని జోలికి పోనవసరం లేదు.

మేటి క్రీడాకారులకు ఈ పరిశీలన నిత్యకృత్యం. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ శిక్షణలో సాధన చేసి, 2002 నుంచి నిలిచి ఉన్న 13.38 సెకన్ల 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డును 2022లో దాటింది. 2023 నాటికి దానిని 12.78కి తెచ్చింది. హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 8.5 మీటర్లు, అందులో మూడే అంగలు. అక్కడ అంగ కొలత తప్పితే పందెమే తప్పినట్లు.

క్యాంపులో ఉండేవారికి అటువంటి కేంద్రం అందుబాటులో లేకపోవచ్చు. కాని సెకనుకు 120 లేక 240 చిత్రాలు తీసే ఫోను నేడు చాలామంది చేతిలో ఉంది. రూములోని మిత్రుడొకడు దానిని తుంటి ఎత్తులో కదలకుండా పట్టుకొని, పక్కనుంచి ఒకసారి, వెనుకనుంచి ఒకసారి చిత్రీకరిస్తే, పాదం మోకాలికి ఎంత ముందు పడుతున్నదో స్పష్టంగా కనిపిస్తుంది. అనుమతి లేకుండా ఇతరులను చిత్రీకరించడం ఆ దేశంలో నేరం కనుక, దారిన పోయేవారు చిత్రంలో పడకుండా చూసుకోవాలి. అడుగుల లెక్కకు యంత్రం అక్కరలేదు. 30 సెకన్లలో కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకినదో లెక్కించి నాలుగుతో గుణిస్తే చాలు.

రోడ్డు అంచు ఒకవైపు వాలి ఉంటుంది కనుక ఎల్లప్పుడూ ఒకే దిశలో పరుగెత్తడం మంచిది కాదు. సేఫ్టీ బూట్లతో పరుగెత్తడం అసలే కూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పనినే ప్రభుత్వం నిషేధించింది. ఆ నెలల్లో రాత్రి వేళ సైతం దూరాన్ని తగ్గించుకోవడం వివేకం. ఓవర్‌టైం చేసిన రోజు కాలిపై పడిన భారాన్నీ పరుగు లెక్కలోనే కలుపుకోవాలి. గాయాలలో అధికభాగం అంగ వంకరవల్ల కాక, దూరాన్ని ఒక్కసారిగా పెంచడంవల్ల వస్తున్నవే.

మోకాలి కింద ముందు ఎముకపై వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి పుట్టడం, రాత్రి పడుకున్నప్పుడూ తగ్గకపోవడం, కుంటవలసి రావడం — వీటిలో ఏది కనిపించినా వీడియోలతో కాలయాపన చేయరాదు. పరుగు ఆపి వైద్యుని చూడాలి. ఎముకలోని సన్నని చీలిక తొలి వారాలలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కనుక ఎక్స్‌రే బాగుందన్న మాటతో తిరిగి పరుగు మొదలుపెట్టక, నొప్పి కొనసాగుతున్నదని వైద్యునికి మళ్ళీ తెలియజేయాలి. వెళ్ళేటప్పుడు పరుగుకు వాడిన పాత జతనూ, డ్యూటీ బూట్లనూ, ఫోనులోని ఆ చిత్రాలనూ వెంట తీసుకెళ్తే పరీక్ష త్వరగా ముగుస్తుంది.