చదివినది జ్ఞాపకమునకు రాదేల?

పరీక్షలు జరుగు దినములలో కళాశాల ఆవరణలో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "నాలుగు సార్లు చదివాను. పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా కళ్ల ముందు కనిపిస్తోంది. రాయబోతే మాత్రం రాలేదు." ఈ మాట విన్న ఉపాధ్యాయుడు సాధారణముగా రెండు తీర్పులలో నొకటి చెప్పును. విద్యార్థి చదివితినని బొంకుచున్నాడనుట మొదటిది. చదివినను పట్టుబడునంత తెలివి అతనికి లేదనుట రెండవది. ఇంటివారును ఈ రెంటిలో ఒకదానినే నమ్ముదురు. కొంతకాలమునకు విద్యార్థియు రెండవ తీర్పును నమ్మును. లెక్కలు తనకు రావని ఒకడు గ్రూపు మార్చుకొనును. ఇంగ్లీషు తనకు అబ్బదని ఇంకొకడు చదువే మానుకొనును.

పెక్కు సందర్భములలో ఈ రెండు తీర్పులును తప్పే. ఆ విద్యార్థి నిజముగనే గంటల కొలది చదివియుండును. అతని బుద్ధికి లోపమేమియు లేకపోవచ్చును. లోపము అతడు తన చదువును కొలుచుకొను కొలబద్దలో ఉన్నది. "చదువుచుండగా సులభముగా సాగుచున్నది, కనుక వచ్చినది" అని అతడు తలచును. ఇది సోమరితనము వలె బయటికి కనబడు అలవాటు కాదు. శ్రద్ధగల విద్యార్థిలోనే ఇది ఎక్కువగా దాగియుండును. అందువలననే దీనిని కనిపెట్టుట కష్టము.

గుర్తుపట్టుట వేరు, గుర్తుతెచ్చుకొనుట వేరు. ప్రతిదినము చేతులు మారు పదిరూపాయల నోటును ఎవరైనను క్షణములో గుర్తుపట్టగలరు. దాని వెనుకవైపున పదిహేను భాషలలో విలువ అచ్చువేయబడి యుండును. అందు తెలుగు ఎన్నవ వరుసలో నున్నదని అడిగినచో చెప్పగలవారు అరుదు. (తమిళమునకు క్రింద, ఉర్దూకు పైన, పదునాల్గవ వరుసలో నున్నది.) అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అను వారు అచ్చటి సెంటు నాణెముతో ఇట్టి పరీక్షనే జరిపి 1979లో ఫలితములను ప్రకటించిరి. పుట్టినది మొదలు ఆ నాణెమును వాడుచున్న పెద్దలు సైతము దానిపై బొమ్మ ఏ వైపునకు చూచుచున్నదో, ఏ అక్షరములు ఎచ్చట నున్నవో సరిగా గీయలేకపోయిరి. వేయిసార్లు చూచుట వలన వస్తువు పరిచితమగును. అంతమాత్రమున అది జ్ఞాపకమునుండి పిలిచినప్పుడు వచ్చునది కాదు. రెండవసారి, మూడవసారి చదువుచున్న పాఠము సరిగా ఈ నోటువంటిదే. ప్రతి వాక్యమును తెలిసినట్లే తోచును. పరీక్షపత్రము మాత్రము వాక్యమును చూపి "దీనిని ఎరుగుదువా?" అని అడుగదు, వాక్యమును తెమ్మనును.

ఈ భేదమును మిక్కిలి స్పష్టముగా చూపిన ప్రయోగము సెయింట్ లూయిస్ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో జరిగినది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని 2006లో ప్రకటించిరి. కళాశాల విద్యార్థులకు ఒక చిన్న శాస్త్రవిషయక వ్యాసము నిచ్చి, అయిదేసి నిమిషముల విడతలు నాలుగు ఏర్పాటు చేసిరి. ఒక జట్టువారు నాలుగు విడతలలోను వ్యాసమును చదువుచునే యుండిరి. సగటున పదునాలుగు సార్లు చదివిరి. మరియొక జట్టువారు మొదటి విడతలో మాత్రము చదివి, తక్కిన మూడు విడతలలో పుస్తకము చూడకుండ, తెల్లకాగితముపై తమకు జ్ఞాపకమున్నదంతయు వ్రాసిరి. వీరు వ్యాసమును చదివినది సగటున మూడు, నాలుగు సార్లే. వ్రాసినదానిలో తప్పులెవ్వరును దిద్దలేదు.

అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా, చదువుచునే యున్నవారు నూటికి 83 పాళ్లు చెప్పగలిగిరి. వ్రాసి చూచుకొన్నవారు 71 పాళ్లు మాత్రమే. ప్రయోగము ఇచ్చట ముగిసినచో చదువుటయే మేలని తేలియుండెడిది. కాని కొందరిని వారము దినముల తరువాత పరీక్షించిరి. అప్పుడు మొదటి జట్టువారికి మిగిలినది 40 పాళ్లు, రెండవ జట్టువారికి మిగిలినది 61 పాళ్లు! అంతకంటె ఆలోచింపదగిన విషయమింకొకటి కలదు. "వారము తరువాత మీకెంత జ్ఞాపకముండును?" అని ముందుగనే అడుగగా, ఎక్కువ ధీమా చూపినవారు మొదటి జట్టువారే. ఎవరు ఎక్కువ మరచిపోనున్నారో వారే మరువమని నమ్మిరి.

పరీక్షనాటి ఉదయము పుస్తకము తిరుగవేసిన విద్యార్థి ఒక్కొక్కప్పుడు గట్టెక్కుట కూడ ఈ అంకెలలో కనబడును. అయిదు నిమిషముల పరీక్షలో గెలుపు అతనిదే. ఆ గెలుపు అతనికి తన పద్ధతి మంచిదను నమ్మకమును కలిగించును. ఇంటర్మీడియటు మొదటి సంవత్సరపు పాఠము రెండవ సంవత్సరములో అవసరమైనప్పుడు గాని నష్టము తెలియదు. అప్పటికి కారణమును వెదకువారుండరు.

ఇంతకు విద్యార్థులు ఏ విధముగా చదువుచున్నారు? అదే విశ్వవిద్యాలయములో 177 మంది విద్యార్థులను అడిగి 2009లో ప్రకటించిన వివరముల ప్రకారము, నూటికి 84 మంది పాఠమును మరల మరల చదువుదుమని చెప్పిరి. పుస్తకము మూసి తమను తాము పరీక్షించుకొందుమని చెప్పినవారు నూటికి పదునొకండుగురే. గీతలు గీయుట, రంగుకలములతో పూయుట, నోట్సును అందముగా తిరిగి వ్రాయుట, గైడులోని సాధించిన లెక్కను కంటితో అనుసరించుట, వీడియో పాఠమును వేగము పెంచి చూచుట, ఇవన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. చేయి కదలుచుండును, పుటలు తిరుగుచుండును, పని జరుగుచున్నట్లుండును. జ్ఞాపకమునుండి ఏదియు బయటికి తీయబడదు. సాధించిన లెక్కను చూచి తలయూచుట లెక్క చేయుట కాదని ప్రతి లెక్కల మాష్టారును ఎరుగును. అదే సూత్రము చరిత్రకును, జంతుశాస్త్రమునకును వర్తించునని మాత్రము తోచదు.

ఈ విషయమున తెలుగుదేశపు పాత బడి అంత తెలివితక్కువది కాదు. పిల్లవాడు పలక క్రింద పెట్టి, పంతులుగారి ఎదుట నిలిచి పాఠమును అప్పజెప్పెడివాడు. ఎక్కములు, నెలలు, నక్షత్రములు అన్నియు అప్పజెప్పవలసినవే. అర్థము తెలియని వల్లెవేతను నిందించుట న్యాయమే. అయితే ఆ నిందతో పాటు అప్పజెప్పుటను కూడ పారవేయుట, తవుడుతో బియ్యమును పారవేసినట్లయినది. బట్టీ వేరు, అప్పజెప్పుట వేరు. అర్థము చేసికొన్న పాఠమును తన మాటలలో అప్పజెప్పిన విద్యార్థి, సెయింట్ లూయిస్‌లోని రెండవ జట్టువారు చేసిన పనినే చేయుచున్నాడు.

అర్థమైనదనుకొనుటలో కూడ మోసము కలదు. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోజెన్‌బ్లిట్, కైల్ అనువారు తాళము, కుట్టుమిషను, బట్టలకుండు జిప్పు మొదలగు వాని పనితీరు ఎంతవరకు తెలియునో అంచనా వేసికొమ్మని జనులను అడిగిరి. తరువాత దానిని మెట్టుమెట్టుగా వివరించి వ్రాయుమనిరి. వ్రాయబోయిన పిమ్మట వారే తమ అంచనాను తగ్గించుకొనిరి. ఈ పరిశోధన 2002లో వెలువడినది. కిరణజన్య సంయోగక్రియ తెలియునని చేయి ఎత్తిన తరగతిలో, దానిని పక్కవానికి చెప్పుమన్నచో ఎన్ని చేతులు దిగునో ఏ ఉపాధ్యాయుడైనను చూడవచ్చును.

హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర తరగతులలో జరిగి 2019లో వెలువడిన పరిశోధన మరింత చిత్రమైనది. ధారాళముగా సాగిన ఉపన్యాసమును విన్న విద్యార్థులు తాము ఎక్కువ నేర్చితిమని భావించిరి. తామే లెక్కలతో కుస్తీపట్టి, పొరబడి, చర్చించుకొన్నవారు తక్కువ నేర్చితిమని భావించిరి. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినది ఈ రెండవవారికే. కష్టముగా తోచుటను వారు రాకపోవుటగా పొరబడిరి.

రాత్రంతయు మేలుకొని చదువుట ఈ భ్రమకు తోడుబోయినది. జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరసముదాయములను తానే కంఠస్థము చేయుచు, తన మరపును తానే కొలిచి, 1885లో గ్రంథము ప్రకటించెను. ఒక్కనాడే 68 సార్లు వల్లించుట వలన కలిగిన ఫలము, మూడు దినములకు పంచి 38 సార్లు వల్లించుట వలననే ఆయనకు కలిగినది. అనగా రమారమి సగము శ్రమ మిగిలినది. ఇక నిద్ర విషయము. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు కార్నెల్ విశ్వవిద్యాలయములో ఇద్దరు విద్యార్థులపై చేసిన ప్రయోగములో, నేర్చిన వెంటనే నిదురించినపుడు జ్ఞాపకమున్నంత, మేలుకొని తిరిగినపుడు లేకుండెను. ఇద్దరు చాలా తక్కువ. కాని తరువాత జరిగిన అనేక పరిశోధనలు దీనిని బలపరచినవి. నిద్రను ఖర్చుపెట్టి పుటలు కొనువాడు బేరములో నష్టపోవుచున్నాడు.

మేలుకొనవలసిన అవసరము తరచుగా తప్పుడు అంచనాల వలన వచ్చును. కెనడాలో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనువారు, డిగ్రీ చివరి సంవత్సరపు సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్న 37 మంది విద్యార్థులను, పని ఎన్నాళ్లలో ముగియునని అడిగిరి. వారి అంచనా సగటున 34 దినములు. పట్టినది 55 దినములకు పైగా. సమస్తము చెడిపోయినను ఇన్నాళ్లే పట్టునని చెప్పిన గడువు సైతము 49 దినములే. ఇది 1994 నాటి ముచ్చట. ప్రక్కనే సెల్‌ఫోను పెట్టుకొని చదువువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మనసు ఒక పనినుండి మరొక పనికి మారునప్పుడెల్ల కాలము వ్యయమగునని జెర్సిల్డ్ అను శాస్త్రజ్ఞుడు 1927లోనే కొలిచి చూపెను.

"నాకు బుర్ర లేదు" అను భావము ఎచ్చటనుండి పుట్టునో ఇప్పుడు ఊహింపవచ్చును. చదువుచున్నపుడు వచ్చినట్లు తోచి, పరీక్షలో రాకపోయినచో, పద్ధతిని అనుమానించువాడు అరుదు. తన్ను తాను అనుమానించుకొనును. బుద్ధి పుట్టుకతో స్థిరమైనది కాదు, పెంచుకొనదగినదని బోధించుట వలన ప్రయోజనము కలదని కరోల్ డ్వెక్ మొదలగువారు చెప్పిరి. అమెరికాలో సుమారు పండ్రెండువేల మంది తొమ్మిదవ తరగతి విద్యార్థులపై జరిగి 2019లో వెలువడిన పెద్ద పరిశోధనలో ఆ బోధ వలన వెనుకబడినవారికి మేలు కలిగినది గాని, అది కొద్దిపాటి మేలే. ఇందులో ఆశ్చర్యము లేదు. "నీకు తెలివి ఉన్నది, ఇంకను కష్టపడుము" అని చెప్పి, అదే పుస్తకమును అయిదవసారి చదువనిచ్చినచో, ఆ పిల్లవాడు మునుపటివలెనే ఓడును. ఈసారి సాకు కూడ ఉండదు.

తరగతిలో చేయదగిన పనికి ఖర్చేమియు లేదు. పాఠము ముగియుటకు అయిదు నిమిషములు ముందుగా పుస్తకములు మూయించి, విన్నదానిని తెల్లకాగితముపై వ్రాయింపవచ్చును. ఆ కాగితములకు మార్కులు వేయరాదు. మార్కులు వేసినచో పక్కవాని కాగితము వైపు చూపులు మరలును. తరువాత పుస్తకము తెరచి, విడిచినవి ఏవో, తప్పు వ్రాసినవి ఏవో విద్యార్థి తానే గుర్తు పెట్టుకొనవలెను. దిద్దుకొననిచో తప్పే నిలిచిపోవు ప్రమాదము కలదు. మరునాడు పాఠమునకు ముందు నిన్నటిదానినుండి ఒక ప్రశ్న, వారము కిందటిదానినుండి ఒక ప్రశ్న, నెల కిందటిదానినుండి ఒక ప్రశ్న అడుగవచ్చును. ఇంటివద్ద తల్లిదండ్రులు చదువురానివారైనను ఇబ్బంది లేదు. "ఈ వేళ బళ్లో ఏం చెప్పారో చెప్పమ్మా" అని కూర్చుండబెట్టి వినుట చాలును. మొదటి వారములో కాగితములు చాలవరకు ఖాళీగనే వచ్చును. బాగుగా చదువుదురని పేరున్న పిల్లలే ఎక్కువ చిన్నబుచ్చుకొందురు, పాత పద్ధతియే సుఖముగా నున్నదందురు. ఆ వారము ఉపాధ్యాయుడు ఓపిక పట్టవలసియుండును.