లిపికి జన్మదినము: కొరియా, తాండూరు

దక్షిణ కొరియా శాసనబద్ధముగా పాటించు జాతీయోత్సవములు ఐదు: మార్చి 1 స్వాతంత్ర్యోద్యమ దినము, జూలై 17 రాజ్యాంగ దినము, ఆగస్టు 15 విమోచన దినము, అక్టోబరు 3 రాజ్యస్థాపన దినము, అక్టోబరు 9 హంగుల్ దినము. ఈ చివరిది లిపికి సంబంధించిన ఉత్సవము. లిపికి జాతీయోత్సవ మెట్లు కలిగినదో విచారింపదగియున్నది.

కొరియా భాష చిరకాలము చీనా లిపిలోనే వ్రాయబడెను. అది సామాన్యులకు దుర్లభము. సెజోంగ్ రాజు 1443లో 28 అక్షరములను కల్పించి 1446లో ప్రకటించెను. 1444లో ఆస్థాన పండితులు కొందఱు దీనిని ప్రతిఘటించిరి. లిపిసూత్రములను వివరించు గ్రంథము 1940లో లభించినది. దాని ననుసరించి కకారము నాలుక మూలమును, నకారము నాలుక కొనను, మకారము నోటిని, సకారము దంతమును అనుకరించుచున్నవి. ధ్వనుల స్థానవిభాగము భారతదేశమునుండి బౌద్ధముతో చీనాకును, అచ్చటినుండి కొరియాకును చేరిన విద్య. మన వర్ణమాలలో ఉచ్చారణస్థానము వరుసవలన తెలియును. హంగుల్‌లో ఆకృతివలననే తెలియును. కర్త తెలిసిన ఈ లిపికిని జన్మదినము ఒకటి కాదు: దక్షిణ కొరియా ప్రకటనను, ఉత్తర కొరియా కల్పనను గణించి జనవరి 15నను ఉత్సవము జరుపుచున్నవి.

తెలుగు లిపికి కర్తయు లేడు, తిథియు లేదు. బ్రాహ్మినుండి క్రమముగా మాఱుచు, కన్నడ లిపితో శతాబ్దములు ఏకమైయుండి, పిదప వేఱుపడినది. కావుననే మన భాషాదినములు వ్యక్తుల జన్మదినములు: ఆగస్టు 29 గిడుగు రామమూర్తిది, తెలంగాణము 2014 నుండి పాటించు సెప్టెంబరు 9 కాళోజీది.

ఈ లిపిబాంధవ్యమును పరిశీలించుటకు తాండూరు తగిన స్థలము. 1956 నవంబరు 1న రాష్ట్రపునర్విభజన జరుగువఱకు అది గుల్బర్గా జిల్లాలోని తాలూకా. 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలో నేడు చేరియున్నది. సరిహద్దు కావల కన్నడము బోధనాభాష. రెండు లిపులలోని గ, న, బ, ర, ల అక్షరములను ప్రక్కప్రక్కన వ్రాసిచూచిన, ప్రధానభేదము తలకట్టులోనే కనిపించును. 1956 నాటి రేఖ పరిపాలనను విభజించినది, అక్షరములను విభజింపలేదు.

ఏ లిపి ముందు, ఏది వెనుక అను వివాదము నిష్ఫలము. కొరియా విద్యార్థి తన లిపికి తేదీని అడుగవచ్చును. మన విద్యార్థి శాసనముల వరుసను అడుగవలెను. సరిహద్దు పాఠశాలలలో ఉపాధ్యాయులు రెండు వర్ణమాలలను ఒకే నల్లబల్లపై చూపినచో, ఆ వరుసకు ప్రథమపాఠము అచ్చటనే ఆరంభమగును.