ఆర్థిక విధాన విశ్లేషణము: మన పిల్లలకొక చదువు

పదవ తరగతి ఫలితములు వెలువడగనే తల్లిదండ్రులు మమ్ము విచారించు చదువులు రెండే: వైద్యము, ఇంజనీరింగు. ప్రభుత్వ నిర్ణయము వలన ఎవరికెంత మేలు, ఎవరికెంత కీడు కలుగునో లెక్కగట్టి, ఆ లెక్కను పాలకులు అంగీకరించునట్లు వ్రాయుట నేర్పు చదువొకటి కలదు. దానిని ఆర్థిక విధాన విశ్లేషణమందురు. బి.ఏ. పిదప ఎం.ఏ. స్థాయిలో దీనిని అభ్యసింతురు.

ఇది మన గడపకు దూరమైన విషయము కాదు. 2010లో మన జిల్లా స్త్రీలు మద్యనిషేధము కోరుచు చిమూరు నుండి నాగపూరునకు కాలినడకన పోయిరి. 2015 ఏప్రిల్ 1వ తేదీన నిషేధము వచ్చెను. 2021లో రమానాథ్ ఝా సంఘము నివేదిక నొసగిన పిమ్మట, మే 27న మంత్రివర్గము దానిని ఎత్తివేయ నిశ్చయించెను. దొంగసారా, నేరములు పెరిగినవని చెప్పిరి. ప్రక్కనున్న గడ్చిరోలిలో మాత్రము 1993 నాటి నిషేధము నిలిచియున్నది. గని కార్మికుల ఇండ్లలో ఈ వాదము రెండు వైపుల నుండియు వినబడుచుండును.

విశ్లేషకుడు దీనినెట్లు చూచును? కేసులు పెరిగినవనుట చాలదు. నిషేధమున్నచోట సీసా దగ్గరనుంచుకొనుటయే నేరము గనుక కేసులు పెరుగక తప్పదు. త్రాగుడు తగ్గెనా యనునది వేరొక ప్రశ్న. దానికి ఇంటింటి ఖర్చు అడిగి తెలిసికొనవలెను. ఖజానాకు రాని పన్ను అంతయు ప్రజలకు నష్టము కాదు. ఆ సొమ్ములో కొంత బియ్యమునకు, ఫీజులకు పోయియుండవచ్చును. కొంత దొంగసారా వ్యాపారికి చేరియుండవచ్చును. ఏది ఎంత? నిషేధమే లేకున్న ఏమి జరిగియుండెడిది? ఇందుకు మన జిల్లాను పోలిన, నిషేధము లేని మరియొక జిల్లాతో సరిపోల్చవలెను. ఆంధ్రప్రదేశములోను 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలెను. ఖజానా భారము అందొక కారణము.

ఇక వ్రాత. మన పిల్లల వ్యాసములలో ఉపోద్ఘాతమే సగము పుట తినును! విధాన పత్రమునందు కోరునదేమో మొదటి పుటలోనే చెప్పవలెను. ఎదుటివాని వాదములో బలమైన దానిని దాచక, దానికే బదులు చెప్పవలెను. డాక్టరు అంబేడ్కరు లండనులో డాక్టరేటుకై వ్రాసిన రూపాయి సమస్యా గ్రంథము 1923లో వెలువడెను. కీన్సు వంటి పండితుడు సమర్థించిన మారక విధానమును ఆయన అందులో పేరుపెట్టి ఖండించెను. 1925లో ద్రవ్య విషయమై ఏర్పడిన రాయల్ కమిషను ఎదుట సాక్ష్యమును చెప్పెను.

పూనాలో 1930లో స్థాపితమైన గోఖలే సంస్థయందును, హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును అర్థశాస్త్రములో ఉన్నత విద్య లభించును. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుండి 2013 వరకు పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు మొదట చదివినది భౌతికశాస్త్రము. అర్థశాస్త్రములో డాక్టరేటు పొందినది ఆంధ్ర విశ్వవిద్యాలయమున. కావున ఏ శాఖ తీసికొన్నను గణితము మాత్రము విడువనీయకుడు. ఇంట తెలుగు, వీధిని మరాఠీ, గని వద్ద హిందీ మాటలాడు మన బాలబాలికలు ఏ బస్తీకి పోయినను ఇల్లాలిని ఆమె భాషలోనే ఖర్చు అడుగగలరు. పదకొండవ తరగతి దరఖాస్తు నింపుటకు ముందు మమ్ము ఒకమారు కలిసికొనుడు.