బలపం తినే పిల్లను తిట్టకండి, పరీక్ష చేయించండి



"మావాడు బలపాలు తింటున్నాడు మేడమ్, ఎంత చెప్పినా మానడం లేదు." పేరెంట్స్ మీటింగుల్లో టీచర్లు వినే మాటే ఇది. బలపం, సుద్దముక్క, మట్టి, పచ్చి బియ్యం తినే పిల్లలను మనం చెడ్డ అలవాటని కోప్పడతాం. కానీ ఒంట్లో ఐరన్ తగ్గినా ఇలా తినాలనిపిస్తుంది. క్లాసులో నీరసం, చిరాకు, పాఠం మీద దృష్టి నిలవకపోవడం కూడా అందువల్లే కావచ్చు. బద్ధకమని ముద్ర వేసేముందు ఆ సంగతి చూసుకోవాలి.

మన ఇంట్లో అన్నీ తింటారు, మనకెందుకు వస్తుందనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ప్రతి పదిమందిలో ఆరుగురంటే, అన్నీ పేదిళ్లే కావు కదా! రక్తహీనతకు వేరే కారణాలున్నా, ఐరన్ లోపం వాటిలో ముఖ్యమైనది.

మెదడుకు ఐరన్ ఎందుకు?

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మెదడులోని నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. అది ఏర్పడాలంటే ఐరన్ కావాలి. ఉత్సాహానికి, ఏకాగ్రతకు అవసరమైన డోపమైన్ తయారీకీ, మెదడు కణాలకు శక్తి అందడానికీ ఐరనే కావాలి. ఈ పనులన్నీ జోరుగా సాగేది గర్భంలోనూ, మొదటి రెండేళ్లలోనూ.

కె.సి. కెనాల్‌లో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి పొలాలే. శరీరంలోనూ అంతే. ఐరన్ చాలనప్పుడు అది ముందుగా రక్తానికి వెళ్తుంది, మెదడు వంతు తగ్గిపోతుంది. అందుకే హిమోగ్లోబిన్ ఇంకా బాగానే ఉన్నా, మెదడుకు కొరత మొదలై ఉండవచ్చు.

కోస్టారికా దేశంలో డాక్టర్ బెట్సీ లోజాఫ్ బృందం 1980లలో ఏడాది, రెండేళ్ల మధ్య పిల్లలను పరీక్షించి, వారు పెద్దవాళ్లయ్యేదాకా గమనించింది. పసితనంలో ఐరన్ లోపం తీవ్రంగా, చాలాకాలం ఉన్నవారు మందు వాడి రక్తం కుదుటపడినా, 19 ఏళ్ల వయసులో కూడా తెలివితేటల పరీక్షల్లో తోటివారికంటే వెనకబడ్డారు. దానికి ఐరన్ ఒక్కటే కారణమని చెప్పలేం. అయినా తొలి రెండేళ్లు ఎంత విలువైనవో దీన్నిబట్టి తెలుస్తుంది.

బడికి వచ్చే వయసులో ఇక లాభం లేదని దిగులుపడనక్కర్లేదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఐరన్ ఎక్కువుండే సజ్జ రకాన్ని రూపొందించింది. మహారాష్ట్రలో 12-16 ఏళ్ల పిల్లలకు ఆ సజ్జలతో చేసినవి ఆరు నెలలు పెట్టి చూస్తే, మామూలు సజ్జలు తిన్నవారికంటే వారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగుపడ్డాయి.

ఇంట్లో ఏం చేయాలి?

• చంటిబిడ్డకు ఆరు నెలలు నిండాక తల్లిపాలలోని ఐరన్ ఒక్కటే చాలదు. పాలిస్తూనే పప్పు, ఆకుకూర, గుడ్డు, తినేవాళ్లయితే మెత్తగా చేసిన మాంసం అలవాటు చేయండి. ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలే ప్రధాన ఆహారం కాకూడదు.

• పెద్దపిల్లలు కూడా గ్లాసులకొద్దీ పాలు తాగి అన్నం మానేస్తే ఐరన్ తగ్గుతుంది. టీలో బిస్కెట్లు ముంచి ఇవ్వడం మానండి. టీ ఐరన్‌ను ఒంటబట్టనివ్వదు.

• తోటకూర పప్పు, సజ్జ రొట్టె, మొలకెత్తిన శనగలు పెట్టినప్పుడు నిమ్మరసం పిండండి, లేదా ఒక జామకాయ ఇవ్వండి. వాటిలోని విటమిన్ సి ఐరన్ ఒంటబట్టేలా చేస్తుంది. వేటమాంసం, కాలేయంలోని ఐరన్ ఇంకా తేలిగ్గా పడుతుంది.

• అనుమానం ఉంటే హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ పరీక్ష కూడా అవసరమా అని డాక్టరుగారిని అడగండి. 5-11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకు తగ్గకూడదు. మందు మొదలుపెడితే, పిల్లవాడు హుషారయ్యాడని మధ్యలో ఆపకండి.

• సొంతంగా ఐరన్ మాత్రలు వేయకండి. చంటిపిల్లలు ఎక్కువగా మింగితే ప్రాణానికే ప్రమాదం. అందనంత ఎత్తులో పెట్టండి.

• నులిపురుగుల దినోత్సవాన ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను వద్దనకండి. కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీల్చేస్తాయి.

• నెలసరి మొదలైన ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ పెట్టండి. రేపు వాళ్లు తల్లులయ్యేనాటికి ఒంట్లో ఉండే ఐరనే పుట్టబోయే బిడ్డకు మొదటి నిల్వ.

పరీక్షలో లోపం తేలితే క్లాస్ టీచర్‌కు డైరీలో ఒక మాట రాయండి. కోలుకునేదాకా ఆ బిడ్డ క్లాసులో నీరసంగా ఉన్నా, దాన్ని బద్ధకం అనుకోకుండా ఉంటారు.