తిమింగల సొర ఇంటికి అతిథులుగా

2021 డిసెంబరులో విశాఖ సముద్రతీరంలోని తంతడి వద్ద మత్స్యకారుల వలలో ఒక మహామత్స్యం చిక్కుకున్నది. దాని బరువు సుమారు రెండు టన్నులు. ముదురు బూడిద రంగు మేని నిండా తెల్లని చుక్కలు. అది తిమింగల సొర, భూమిమీది చేపలన్నింటిలోకి పెద్దది. అటవీ శాఖవారు, జాలరులు, వన్యప్రాణి సంరక్షకులు కలిసి దానిని ప్రాణంతో లోతు నీటిలోకి సాగనంపారు. కన్నవారు ఆశ్చర్యపడ్డారు, విన్నవారు సంతోషించారు.

ఆ చేపనే చూడడానికి ఈనాడు మన యువకులు విమానమెక్కి పరాయి దేశాలకు వెళుతున్నారు. హైదరాబాదులో కొలువు చేస్తున్నవారు, గల్ఫు నుండి సెలవుపై వచ్చేవారు, కొత్తగా నికాహ్ అయిన దంపతులు మాల్దీవులలో ఒక దీవిపై రాత్రి బస చేసి, తెల్లవారి పడవలో వెళ్లి, నీటిపై తేలుతూ దానిని చూసి వస్తున్నారు. మా ములకలపల్లి మండలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల నడుమ ఉన్నది. సముద్రమన్నది మా పిల్లలకు పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే. అయినా ఈ కోరిక మా ఊరి ఇళ్లకూ చేరింది. తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి మూడు ప్రశ్నలు అడుగుతున్నారు: ప్రాణభయం ఉన్నదా? అంత ఖర్చు తగునా? మన నమాజుకు, మన మర్యాదకు భంగం రాదా? మూడూ అడగవలసినవే. వీటికి మేము నాలుగవ ప్రశ్నను చేర్చదలచాము: మన వినోదం వలన ఆ మూగజీవికి ఏమవుతుంది?

ఇది ఎటువంటి ప్రాణి?

పేరులో తిమింగలం ఉన్నా ఇది తిమింగలం కాదు. మొప్పలతో ఊపిరి తీసే నిజమైన చేప. పేరులో సొర ఉన్నా మనిషిని వేటాడే సొర కాదు. నోరు నాలుగు అడుగులకు పైగా తెరుచుకుంటుంది. పళ్లు వేల సంఖ్యలో ఉన్నా ప్రతి పన్నూ అగ్గిపుల్ల తలంత చిన్నది. నీటిని నోట పట్టి, మొప్పల గుండా వడగట్టి, కంటికి ఆననంత సూక్ష్మజీవులను, రొయ్యపిల్లలను, చేపగుడ్లను, చిన్న చేపలను తిని బతుకుతుంది. ముప్పై నలభై అడుగుల దేహానికి ఆహారం ఇంత అల్పమైనదిగా ఏర్పాటు చేసిన సృష్టికర్త నిర్ణయం ఆలోచనాపరులకు ఒక నిదర్శనం.

దక్షిణాఫ్రికా తీరంలో దొరికిన ఒక చేప ఆధారంగా 1828లో ఆండ్రూ స్మిత్ అనే వైద్యుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని మేనిపై చుక్కల అమరిక మనిషి వేలిముద్ర వంటిది, ఒక చేపకున్నట్లు మరొక చేపకు ఉండదు. ఆకాశంలోని నక్షత్రాల చిత్రాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన గణిత పద్ధతినే కొద్దిగా మార్చి, ఈ చుక్కల ఛాయాచిత్రాలతో ఏ చేప ఏదో గుర్తిస్తున్నారు. పైన నక్షత్రాలకు, కింద చేపకు ఒకే లెక్క సరిపోయింది!

ఇది పిల్లలను కంటుంది. 1995లో తైవాన్ వద్ద పట్టుబడిన ఒక ఆడచేప గర్భంలో మూడు వందల పిండాలు కనిపించాయి. అయితే పిల్ల పెరిగి తాను పిల్లలను కనే వయసుకు చేరాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందువలన ఒక పెద్ద చేప చనిపోతే ఆ లోటు త్వరగా తీరదు. 2016లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమితి దీనిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

వల కోసిన చేతులు

ఈ చేప చరిత్రలో మన తెలుగువారికి సంబంధించిన ఒక అధ్యాయం ఉన్నది. గుజరాత్‌లోని వేరావల్ ప్రాంతంలో ఒకప్పుడు దీనిని విరివిగా వేటాడేవారు. కాలేయం నుండి తీసిన నూనెను చెక్క పడవలకు పూసేవారు. 1990 దశకంలో మాంసం విదేశాలకు ఎగుమతి కావడంతో వేట మరింత పెరిగింది. కొక్కెం దిగిన చేప మునిగిపోకుండా పీపాలు కట్టేవారు గనుక అక్కడి జాలరులు దానిని ‘బ్యారెల్’ అని పిలిచేవారు. దాని పేరే దాని చావును చెప్పేది.

మైక్ పాండే ఆ వేటను చిత్రీకరించి 2000లో ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అనే చలనచిత్రం తీశాడు. 2001 మే నెలలో భారత ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి ఉన్న రక్షణే దీనికీ లభించింది. కానీ చట్టం కాగితంపై ఉంటుంది, చేప వలలో ఉంటుంది. 2004 నుండి వన్యప్రాణి సంస్థలు, గుజరాత్ అటవీ శాఖ కలిసి జాలరుల నడుమ ప్రచారం సాగించాయి. ప్రసిద్ధ రామకథా ప్రవచనకారుడు మొరారీ బాపూ ఈ చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చి చెప్పారు. ‘బ్యారెల్’ పోయి ‘వ్హాలీ’, అనగా ప్రియమైనది, అనే పేరు వచ్చింది. అప్పటి నుండి జాలరులు తమ వలలను తామే కోసి వందలాది చేపలను విడిచిపెట్టారు. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తున్నది.

ఆ వేరావల్ పడవలలో కూలికి పనిచేసేవారిలో మన శ్రీకాకుళం వలస మత్స్యకారులు ఎందరో ఉన్నారు. 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ వారు పట్టుకుని, 2020 జనవరిలో వాఘా వద్ద విడిచిపెట్టిన తెలుగు జాలరులు ఆ రేవు నుండి వెళ్లినవారే. పొట్టకూటికి దేశం ఆ చివరకు పోయినవారు, వల తెగితే ఆ పూట వేటే పోయేవారు. అటువంటివారు ఒక చేప ప్రాణానికి వల కోస్తున్న రేవు అది. సెలవు గడపడానికి వెళ్లే మనం ఆ చేపకు మూడు గజాల ఎడమివ్వలేమా?

ఎక్కడికి వెళ్లాలి?

ఆంధ్ర తీరానికి ఈ చేప వస్తుంది గానీ ఎప్పుడు వస్తుందో చెప్పలేము. దానిని చూపే యాత్రలు ఇక్కడ లేవు. ఏడాది పొడవునా కనిపించే అవకాశమున్న అరుదైన చోట్లలో మాల్దీవుల దక్షిణ ఆరి పగడపు దిబ్బ ఒకటి. అది రాజధాని మాలేకు నైరుతి దిశలో సుమారు వంద కిలోమీటర్ల దూరాన ఉన్నది. వేగపు పడవలో దాదాపు రెండు గంటల ప్రయాణం. ధిగురా, మామిగిలి, ధంగెతి అనేవి అక్కడి జనావాస దీవులు. ధిగురా అంటే వారి భాషలో పొడవైన దీవి అని అర్థం. తిమింగల సొరను వారు ‘ఫెహురిహి’ అంటారు.

మాల్దీవుల ప్రజలు 1153లో ఇస్లాం స్వీకరించారు. సుప్రసిద్ధ యాత్రికుడు ఇబ్నె బతూతా 1343లో అక్కడికి చేరి, కొంతకాలం ఖాజీగా పనిచేశాడు. పగడపు రాళ్లతో పదిహేడవ శతాబ్దంలో కట్టిన ‘హుకురు మిస్కీ’ జుమా మస్జిద్ మాలేలో నేటికీ నిలిచి ఉన్నది. దారిలో దానిని చూడకుండా రావడం లోటే. ఆ దేశం 1995లోనే తిమింగల సొర వేటను నిషేధించింది. అంటే మన చట్టం కంటే ఆరేళ్లు ముందు. 2009లో దక్షిణ ఆరి సముద్ర భాగాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

ఒక హెచ్చరిక. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో 2011 నుండి ఈ చేపలకు చిన్న రొయ్యలను మేతగా వేసి యాత్రికులకు చూపుతున్నారు. చేప తప్పక కనబడుతుంది. కానీ మేతకు మరిగిన చేప తన సహజ సంచారం మానుకుంటుంది. పడవను చూస్తే తొలగిపోవలసింది పోయి దగ్గరకు వస్తుంది. దక్షిణ ఆరిలో మేత వేయరు. అక్కడ చేప కనబడకపోవచ్చు కూడా. ఆ నిరాశకు సిద్ధపడినవారే యాత్రకు అర్హులు.

నీటిలో దిగే ముందు

ఈ చేప మనిషిని కరవదు. భయపడవలసింది సముద్రానికి. పగడపు దిబ్బ అంచు దాటిన తరువాత కాలికి నేల అందదు, ప్రవాహం ఉంటుంది. చెరువులో నేర్చిన ఈత అక్కడ చాలదు. ఈత రానివారు పడవలోనే కూర్చుని చూడడం మేలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. వెళ్లదలచినవారు రెండు మూడు నెలల ముందే ఈతకొలనులో శిక్షణ పొందాలి. కంటి అద్దం, నోటి గొట్టం వాడడం అక్కడే అభ్యసించాలి. లైఫ్ జాకెట్ ధరించడానికి సిగ్గుపడరాదు. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు వైద్యుని అడగనిదే దిగరాదు. ఒంటరిగా ఎవరూ దిగరాదు.

చేప కనబడగానే పడవలన్నీ అటు పరుగెత్తుతాయి, అసలు ప్రమాదం అక్కడే. దక్షిణ ఆరిలో తిరిగే చేపలలో చాలావాటి మేనిపై పడవలు చేసిన గాయాల మచ్చలు ఉన్నాయి. పడవ మరచక్రం తగిలితే రెక్క తెగిపోతుంది. కాబట్టి పడవను కుదుర్చుకునేటప్పుడే అడగండి: వేగం తగ్గిస్తారా? ఇతర పడవలు గుమిగూడి ఉంటే ఆగుతారా? దారికి అడ్డంగా దింపరు గదా? సమాధానం నచ్చకపోతే మరొకరిని వెదకండి.

నీటిలో పాటించవలసినవి కొద్దివే. దేహానికి మూడు మీటర్లు, తోకకు నాలుగు మీటర్ల దూరం ఉండాలి. తాకరాదు. ముందుకు వెళ్లి దారి ఆపరాదు. ఫోటోకు మెరుపు దీపం వాడరాదు. అది లోతుకు దిగితే వెంబడించరాదు. పగడాలపై కాలు మోపరాదు, అవి రాళ్లవలె కనిపించే ప్రాణులు. మా అడవి పల్లెలవారికి ఈ నియమాలు కొత్తవి కావు. అడవిదున్న ఎదురైతే మా పెద్దలు నిలబడిపోతారే గాని వెంట పడరు. కిన్నెరసాని జలాశయంలో మొసలి తేలితే ఒడ్డునుండే చూస్తారు. సముద్రంలోనూ మర్యాద అదే.

నమాజు, వస్త్రధారణ

ప్రయాణంలో జుహర్, అస్ర్, ఇషా నమాజులు నాలుగేసి రకాతులకు బదులు రెండేసి అవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. ఖిబ్లా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మన ప్రాంతంలో అది పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మాల్దీవులలో దాదాపు వాయవ్య దిశ. అలవాటు చొప్పున నేరుగా పడమరకు నిలబడరాదు. జనావాస దీవులన్నింటా మస్జిదులు ఉన్నాయి గనుక అజాన్ వినబడుతుంది. పడవలో సమయమైతే నిలబడగలిగినవారు నిలబడి, అలల ఊపుకు పడిపోయే భయమున్నవారు కూర్చుని చదువుకోవచ్చు.

జనావాస దీవులలో మద్యం దొరకదు. విదేశీయుల ఈత దుస్తులకు వేరే తీరం కేటాయించి ఉంటుంది. విహారశాలలుగా మార్చిన దీవులలో పరిస్థితి వేరు. కుటుంబంతో వెళ్లేవారికి జనావాస దీవిలోని అతిథిగృహమే అనుకూలం. స్త్రీలు మెడనుండి మడమవరకు కప్పే ఈత దుస్తులు ధరించి నిస్సంకోచంగా దిగవచ్చు. ఎండకు కమిలిపోకుండా అవి రక్షిస్తాయి గనుక పురుషులకూ అటువంటి వస్త్రమే మేలు.

ఖర్చు, ఉద్దేశం

భూమిపై సంచరించి సృష్టిని చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల ఆదేశించింది. దుబారాను కూడా అంతే స్పష్టంగా వారించింది. అప్పు తీర్చవలసినవాడు, హజ్ విధి అయి ఉన్నవాడు, ఆడపిల్ల చదువు ఆపినవాడు ఈ యాత్రను వాయిదా వేసుకోవాలి. వడ్డీ అప్పుతో విహారం అసలే కూడదు. ఈ బాధ్యతలు తీరి చేతిలో ధర్మబద్ధమైన సొమ్ము ఉన్నవారిని మేము ఆపము. ఎందుకు వెళుతున్నామన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి. ఫోను నింపుకోవడానికా, మనసు నింపుకోవడానికా?

చేప హలాలే గదా, దాని రక్షణకు ఇంత పట్టింపు ఎందుకని కొందరు అనవచ్చు. దైవప్రవక్త (స) సహచరులు అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది ఆకలితో అలమటిస్తున్నప్పుడు, సముద్రం ఒడ్డుకు వేసిన ‘అంబర్’ అనే మహామత్స్యాన్ని దినాల తరబడి తిన్న సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది. అది ఆకలిగొన్నవారికి అల్లాహ్ పంపిన ఉపాధి. తినడం ధర్మసమ్మతమైనంత మాత్రాన అవసరం లేకుండా చంపడం, బాధించడం ధర్మసమ్మతం కావు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతి, దప్పికగొన్న కుక్కకు నీరు తాపినవాడు క్షమాపణ పొందిన సంగతి మనం పిల్లలకు బోధించేవే. ఆ పాఠం ఒడ్డున ఆగిపోదు. నీటిలోని ప్రాణికీ అది వర్తిస్తుంది.

కాబట్టి ప్రియ పాఠకులారా, వెళ్లగలిగినవారు ఈత నేర్చి, అప్పులు తీర్చి, మంచి పడవను వెదకి వెళ్లండి. ఒక క్షణం కనబడినా అల్‌హందులిల్లాహ్ అనండి, కనబడకపోయినా అలాగే అనండి. వెళ్లలేనివారు చింతించనవసరం లేదు. ఆ చేపను చూసినవారి కంటె, దానికోసం వల కోసి ఖాళీ చేతులతో ఒడ్డు చేరిన జాలరికి దానిపై ఎక్కువ హక్కు ఉన్నదని మా నమ్మకం. ఈ మాసం మీ పిల్లలకు ముందుగా ఆ జాలరి కథ చెప్పండి.